గట్టి గడ్డలో మెత్తని కణం

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం పూడిమడక. ఈమధ్య ఆ పేరు పేపర్లలో తరచు కనబడుతున్నది ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ వల్ల. 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ దానికి శంకుస్థాపన చేశారు. వైద్యశాస్త్రంలో మాత్రం ఈ తీరానికి అంతకంటే చాలా పాత చరిత్ర ఉంది. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అలవాటు తరతరాలుగా వస్తోంది. అదే అడ్డపొగ. గాలికి నిప్పు ఆరదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని చెబుతారు. ఆ నిప్పు సెగ, దానితోపాటు పొగ, నేరుగా అంగిలికి కొడతాయి.

ప్రపంచంలో చాలాచోట్ల అంగిలి క్యాన్సర్ అరుదు. ఇక్కడ ఎందుకింతగా కనిపిస్తోందో 1957లోనే డి. గోవిందరెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు రాశారు: కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు కారణం నిప్పు కొస లోపలికి పెట్టి చుట్ట కాల్చడమేనన్నారు. 1971లో డెన్మార్క్ దంతవైద్య శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలీ మెహతా బృందం 10,169 మంది ఆంధ్ర గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అంగిలిలో వచ్చే మార్పులను బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రకటించింది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి తెల్లగా మందం కడుతుంది. మధ్యలో ఎర్రటి చుక్కలు తేలుతాయి. కొందరిలో అది పుండై, క్యాన్సర్‌గా మారుతుంది.

అలాంటి పుండుతో వచ్చిన మనిషిని డాక్టరు ముందు కంటితో చూస్తారు, తర్వాత గ్లవ్ వేసుకున్న వేలితో నొక్కుతారు. పుండు అంచు మెత్తగా ఉందా, గట్టిపడిందా? మెడలో బిళ్లలు కట్టాయా? కడితే అవి వేలికింద కదులుతున్నాయా, అతుక్కుపోయి ఉన్నాయా? రొమ్ములో గడ్డనూ ఇలాగే చూస్తారు. బయాప్సీ, స్కానింగ్ అన్నీ ఆ తర్వాతే. అంటే క్యాన్సర్ పరీక్షలన్నిటిలోకి పాతది ఒక భౌతికశాస్త్ర పరీక్ష. వేలితో చేసే గట్టిదనపు కొలత అది.

ఆ కొలతకు అంకెలు కట్టడం మొదలుపెట్టాక ఒక వింత బయటపడింది. గడ్డ గట్టిదే. కానీ ఆ గడ్డలోంచి ఒక్క క్యాన్సర్ కణాన్ని విడదీసి నొక్కి చూస్తే అది మామూలు కణంకంటే మెత్తగా ఉంటోంది.

గడ్డ సంగతి ముందు చూద్దాం. 2005లో అమెరికాలో పనిచేస్తున్న శాస్త్రవేత్త వాలెరీ వీవర్ బృందం ఎలుకల రొమ్ములో కణితి, మామూలు కణజాలంకంటే 20 రెట్లకు పైగా బిరుసని కొలిచి చూపించింది. ఆ బిరుసుతనం ఎక్కువగా కణాలది కాదు, కణాల చుట్టూ అల్లుకున్న కొల్లాజెన్ పోగులది. కణితి పెరుగుతున్నకొద్దీ ఈ పోగులు ఎక్కువవుతాయి, ఒకదానితో ఒకటి ముడిపడతాయి. వేలికి తగిలే గట్టిదనం ప్రధానంగా ఈ అల్లికదే.

ఇక కణం సంగతి. కణాన్ని నొక్కడానికి అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ అనే పరికరం ఉంది. దాని సన్నని సూది కణాన్ని అతి మెల్లగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకు సూది పట్టీ ఎంత వంగిందో లేజర్ కిరణం పసిగడుతుంది. 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సారా క్రాస్, జేమ్స్ గిమ్జెవ్‌స్కీ, జియాన్‌యూ రావ్‌ల బృందం రోగుల ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిలోంచి తీసిన కణాలను ఇలా కొలిచింది. శరీరంలో పాకిన క్యాన్సర్ కణాలు ఆరోగ్యకరమైన కణాలకంటే 70 శాతానికి పైగా మెత్తగా తేలాయి. 2009లో జర్మనీలోని లైప్‌జిగ్ శాస్త్రవేత్తలు నోటి క్యాన్సర్ కణాలను ఇంకో పద్ధతిలో చూశారు. ఎదురెదురుగా వచ్చే రెండు లేజర్ కిరణాల మధ్య కణాన్ని నిలబెట్టి, కాంతి బలంతోనే రెండు వైపులకూ సాగదీశారు. రోగుల నుంచి తీసిన కణాలు ఆరోగ్యవంతుల కణాలకంటే సగటున 3.5 రెట్లు తేలిగ్గా లొంగాయి.

మెత్తదనం కణానికి ఎందుకు? కణం ఆకారాన్ని నిలబెట్టేవి దాని లోపలి ప్రోటీన్ పోగులు: యాక్టిన్, మైక్రోట్యూబ్యూల్, కెరటిన్ వంటివి. క్యాన్సర్ కణంలో ఈ కట్టు మారిపోతుంది. పుట్టినచోటు వదిలి పాకాలనుకునే కణం కొల్లాజెన్ పోగుల సందుల్లోంచి దూరాలి, రక్తనాళం గోడలో కణాల మధ్య ఇరుక్కుని లోపలికి జారాలి, అలాగే ఇంకోచోట బయటకు రావాలి. ఒళ్లు వంగని కణానికి ఇది చేతకాదు. గట్టిపడిన పరిసరాలు కణాన్ని రెచ్చగొడతాయి, మెత్తబడిన కణం ఆ పరిసరాల్లోంచి తప్పించుకుంటుంది. ఈ రెండిటిలో ఏది ఎంతవరకు కారణమో విడదీసి చెప్పడమే కష్టం. బతికున్న మనిషిలో కొల్లాజెన్ గట్టిదనం ఒక్కటే మార్చి, మిగతావన్నీ కదలకుండా ఉంచడం ఎవరి తరమూ కాదు.

కంప్యూటర్‌లో ఆ పని కుదురుతుంది.

కణాల బలాబలాలను లెక్కకట్టే సిమ్యులేషన్లలో రెండు పెద్ద దారులున్నాయి. మొదటిది వంతెనలు, ఓడలు, విమానం రెక్కలు డిజైన్ చేసే ఇంజినీర్లు వాడే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. కణితి ఆకారం మొత్తానికి ఒకేసారి సమీకరణం రాసి పరిష్కరించడం అసాధ్యం. అందుకని దానిమీద ఒక వల పరుస్తారు. పూడిమడక మత్స్యకారుడు ఏ చేపకు ఏ కన్ను వల వేయాలో చూసుకున్నట్టే, లెక్క వేసేవారు బలం ఒక్కసారిగా మారే అంచుల దగ్గర చిన్న కన్ను, అంతా ఒకేలా ఉన్నచోట పెద్ద కన్ను వేస్తారు. ఒక్కో గడిలో పదార్థం ఎంత సాగుతుంది, పక్క గడిని ఎంత నెడుతుంది అన్నది చిన్న లెక్క. అలాంటి లెక్కలు లక్షలు కలిపి ఒకేసారి విప్పితే మొత్తం కణితిలో ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో తెలుస్తుంది.

రెండో దారిలో కణితిని ముద్దగా కాక, విడివిడి కణాల గుంపుగా చూస్తారు. 1992లో ఫ్రాన్స్వా గ్రానర్, జేమ్స్ గ్లేజియర్ ప్రతిపాదించిన సెల్యులర్ పాట్స్ మోడల్ దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తెరమీద గళ్లు గీసి, ఒక్కో కణానికి కొన్ని గళ్లు ఇస్తారు. రెండు కణాల సరిహద్దులో ఉన్న ఒక గడిని కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచుకుని, దాన్ని పక్క కణానికి ఇచ్చేస్తే ఏమవుతుందని లెక్క చూస్తుంది. కణాలు ఒకదానికొకటి అంటుకునే బలం, కణం తన పరిమాణాన్ని నిలుపుకోవాలన్న పట్టు, ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తం శక్తి తగ్గితే మార్పుకు ఒప్పుకుంటుంది. పెరిగితే చాలాసార్లు వద్దంటుంది, అరుదుగా ఒప్పుకుంటుంది. ఇది లక్షలసార్లు జరిగాక కణాలు పాకుతాయి, గుంపు కడతాయి, విడిపోతాయి. అలా పాకమని కంప్యూటర్‌కు ఎవరూ చెప్పరు. చెప్పేది బలాల లెక్క మాత్రమే.

మొదటి దారిలో చెప్పుకోదగ్గ పరిశోధన ఒకటి 2014లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. దాన్ని రాసిన నలుగురిలో ఇద్దరివి తెలుగు ఇంటిపేర్లు: శివ రుద్రరాజు, కృష్ణ గరికిపాటి. గరికిపాటి అప్పట్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యులు. ప్రయోగం చేసినవారు క్రిస్టెన్ మిల్స్, రాల్ఫ్ కెమ్‌కెమర్. వాళ్ల ప్రశ్న చాలా మామూలుగా కనిపిస్తుంది. కణితులు ఎందుకు గుండ్రంగా ఉండవు? ఒక కణం నుంచి మొదలై అన్ని వైపులా ఒకేలా పెరిగితే కణితి బంతిలా ఉండాలి. శరీరంలో దొరికే కణితులు మాత్రం తరచూ ఒక వైపు నొక్కుకుపోయి ఉంటాయి. రక్తనాళాలు ఒక వైపే ఉన్నందువల్లనా? ఆహారం ఒక వైపు నుంచే అందడం వల్లనా? కండరాల దారి అలా ఉన్నందువల్లనా?

ఈ అనుమానాలన్నీ పక్కన పెట్టడానికి వాళ్లు క్యాన్సర్ కణాలను అగరోజ్ జెల్‌లో పెంచారు. అగరోజ్ సముద్రపు ఎర్రనాచు నుంచి తీసే పదార్థం. అందులో రక్తనాళాలుండవు, కండరాలుండవు. జెల్ ఎంత గట్టిగా ఉండాలో మనిషి చేతిలో ఉంటుంది. కణితి కంటే మెత్తని జెల్‌లో పెరిగినవి దాదాపు గుండ్రంగానే ఉన్నాయి. కణితి కంటే గట్టి జెల్‌లో పెరిగినవి మాత్రం పైనా కిందా నొక్కుకుపోయి చదునయ్యాయి. ఒకసారి రెండుసార్లు కాదు, మళ్లీ మళ్లీ అదే ఆకారం.

కారణం చెప్పింది కంప్యూటర్. పెరిగే కణితి జెల్‌ను నెడుతుంది, జెల్ తిరిగి కణితిని నొక్కుతుంది. ఈ తోపులాటలో రెండిటిలోనూ శక్తి నిల్వ ఉంటుంది. గుండ్రని ఆకారం, చదునైన ఆకారం, పొడుగాటి ఆకారం ఇలా తీసుకుని, ఒక్కోదానిలో ఎంత శక్తి నిల్వ ఉంటుందో పెద్ద కంప్యూటర్ల మీద లెక్కకట్టారు. గట్టి పరిసరాల్లో అన్నిటికంటే తక్కువ శక్తితో సరిపెట్టుకునేది చదునైన ఆకారమేనని తేలింది. కణితి తన ఆకారాన్ని ఎంచుకోవడానికి జన్యువుల ఆదేశమేదీ అక్కర్లేదు. స్థితిస్థాపకత సూత్రం చాలు. అయినా రచయితలు దీన్ని నిరూపణ అనలేదు. మిగతా కారణాలను ఒక్కొక్కటే తోసిపుచ్చాక మిగిలిన ఊహ అన్నారు.

ఈ జెల్ ప్రయోగాలకు అంతకుముందే ఒక పునాది ఉంది. 1997లో హార్వర్డ్ శాస్త్రవేత్త రాకేశ్ జైన్ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాల ఉండలను అగరోజ్‌లో పెంచి, జెల్ ఒత్తిడి ఒక స్థాయి దాటితే పెరుగుదల ఆగిపోతుందని చూపింది. ఆ స్థాయి 45 నుంచి 120 మిల్లీమీటర్ల పాదరసం. బీపీ మిషన్ మీద కనిపించే 120 కూడా ఇదే కొలమానం. జెల్ తీసేస్తే ఉండలు మళ్లీ పెరగడం మొదలుపెట్టాయి. ఒత్తిడి కణాలను చంపలేదు, ఆపింది అంతే.

పాకడం సంగతికి వస్తే రెండో దారి మోడళ్లు ముందుకొస్తాయి. కణంలో అన్నిటికంటే బిరుసైన భాగం దాని కేంద్రకం. కణం ఒళ్లు ఎంత మెత్తగా ఉన్నా, సందు దాటాలంటే కేంద్రకం దాటాలి. 2013లో కతరీనా వోల్ఫ్, పీటర్ ఫ్రీడ్ల్ బృందం దీని హద్దు కొలిచింది. పోగులను కరిగించే ఎంజైములు లేకుండా చేస్తే, సందు వైశాల్యం కేంద్రకం అడ్డుకోత వైశాల్యంలో పదోవంతుకు తగ్గేసరికి కణం ఇరుక్కుని ఆగిపోతుంది. 2016లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకొంచెం ముందుకెళ్లారు. ఇరుకు సందుల్లోంచి బలవంతంగా దూరే కణంలో కేంద్రకం పొర చిరిగిపోతుందని, లోపలి డీఎన్ఏ దెబ్బతింటుందని, కణం ఆ చిరుగును మళ్లీ మూసుకుంటుందని చూపించారు.

ఐఐటీ బొంబాయిలో శమీక్ సేన్ బృందం ఈ ఇరుకు ప్రయాణాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చింది. 2018లో ప్రచురించిన ఒక మోడల్‌లో కణాన్ని ఒకే సంచిగా కాక, కేంద్రకం వేరు, చుట్టూ ఉన్న ద్రవభాగం వేరుగా తీసుకుని సందులోంచి నడిపించారు. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో క్యాన్సర్ కణం తన ఒంటినుంచి చాచే సన్నని మొనలతో చుట్టూ ఉన్న అల్లికను కరిగించే తీరును చూశారు. కరిగించే ఎంజైము ఈ మొనల దగ్గర విడుదలవుతుంది. అది ఎంత వేగంగా విడుదలవుతోంది, మొనలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయి అన్న రెండూ కలిసి చొరబాటును నిర్ణయిస్తాయని ఆ లెక్క చెప్పింది. పెట్రీ గిన్నెలో మొనల మధ్య దూరాన్ని ఇష్టం వచ్చినట్టు సర్దడం దాదాపు కుదరని పని. తెరమీద అది ఒక అంకె మార్చడం.

హైదరాబాద్‌లో ఇదే రంగానికి ఆనుకుని ఒక ముఖ్యమైన ప్రయోగం జరిగింది. ఒకప్పుడు ఆంధ్ర గ్రామాల్లో అంగిళ్లు పరీక్షించిన ఫాలీ మెహతా పనిచేసిన టాటా ఇన్‌స్టిట్యూట్‌కే ఇప్పుడు గోపనపల్లిలో ఒక శాఖ ఉంది. అక్కడ తమల్ దాస్ ప్రయోగశాల చూసేది నోరు, పేగు, చర్మం వంటివాటిపై పొరగా పరచుకున్న కణాల సంగతి. అలాంటి పొరలో ఒక కణం క్యాన్సర్ దారి పడితే, చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణాలు దాన్ని పసిగట్టి పొరలోంచి బయటికి నెట్టేస్తాయి. ఏ మందూ లేకుండా శరీరం చేసుకునే మొదటి కాపుదల ఇది. ఇది ఎప్పుడు విఫలమవుతుంది? 2022లో పోతాప్రగడ, దాస్ తదితరులు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఇచ్చిన జవాబు: పొర కింద ఉన్న పీఠం గట్టిపడినప్పుడు. మెత్తని పీఠం మీద ఫిలమిన్ అనే ప్రోటీన్ సరిహద్దుకు చేరి, చెడిన కణాన్ని నెట్టే పని మొదలుపెడుతుంది. గట్టి పీఠం మీద ఆ ఫిలమిన్‌లో కొంత కేంద్రకం చుట్టూ చిక్కుకుని సరిహద్దుకు రాదు. నెట్టేవాళ్లు లేక చెడిన కణం పొరలోనే ఉండిపోతుంది.

ఇది సిమ్యులేషన్ కాదు, కణాలతో చేసిన ప్రయోగం. సిమ్యులేషన్ చేసేవారికి ఇలాంటివే ముడిసరుకు. కణాలు ఒకదాన్నొకటి నెట్టే బలాన్ని స్థిరమైన అంకెగా కాక, కింది పీఠం గట్టిదనాన్ని బట్టి మారే అంకెగా రాయాలని ఇది చెబుతోంది. అలాంటి నియమాలు చేరనంత వరకు మోడల్ ఎంత పెద్దదైనా దాని అంచనాకు బలం రాదు.

మోడళ్ల బలహీనత కూడా ఈ అంకెల దగ్గరే. కణం ఎంత మెత్తగా ఉందో చెప్పనిదే కంప్యూటర్ లెక్క మొదలుపెట్టదు. ఆ మెత్తదనం మీద కొలిచేవాళ్లకే ఏకాభిప్రాయం లేదు. 2018లో నేచర్ మెథడ్స్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే రకం రొమ్ము క్యాన్సర్ కణాలను వేరువేరు ప్రయోగశాలలు వేరువేరు పరికరాలతో కొలిచాయి. ఒక పరికరం చెప్పిన గట్టిదనానికీ ఇంకోటి చెప్పినదానికీ తేడా 1,000 రెట్ల దాకా వచ్చింది. ఎవరూ తప్పు కొలవలేదు. కణాన్ని ఎంత లోతున నొక్కారు, ఎంత వేగంగా నొక్కారు, మొత్తం కణాన్నా, అంచునా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అందుకే మంచి పరిశోధకులు ఒక్క అంకెతో లెక్కకట్టి ఊరుకోరు. ఆ అంకెను పైకీ కిందికీ జరిపి, ఫలితం నిలుస్తుందా, కూలుతుందా అని చూస్తారు.

ఈ కారణంగానే ఏ కంప్యూటర్ మోడలూ ఇంకా డాక్టరు వేలికీ, బయాప్సీకీ బదులుగా నిలబడలేదు. గట్టిదనాన్ని కొలిచే విద్య మాత్రం కొంతవరకు ఆసుపత్రిలోకి వచ్చేసింది. రొమ్ము, కాలేయం వంటివాటిలో బిరుసుతనాన్ని అల్ట్రాసౌండ్‌తోనే చూపించే ఎలాస్టోగ్రఫీ పరీక్ష ఇప్పుడు వాడుకలో ఉంది. నోటి విషయంలో మాత్రం పాత సలహానే నిలిచింది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. పూడిమడక వంటి తీరగ్రామాల వారికి విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

సిమ్యులేషన్ చేయడానికి ఇప్పుడు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. సెల్యులర్ పాట్స్ మోడల్ మీద నడిచే కంప్యూసెల్ త్రీడీ, 2018లో పాల్ మాక్లిన్ బృందం ప్రకటించిన ఫిజిసెల్, రెండూ ఉచితం. ఫిజిసెల్ మామూలు డెస్క్‌టాప్ మీదే లక్షలాది కణాల గుంపును నడిపించగలదు. ఫైనైట్ ఎలిమెంట్ పాఠం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో మెకానికల్, సివిల్ విద్యార్థులు చదువుతున్నదే.

అలాంటి విద్యార్థి చేతికి అడ్డపొగ అంగిలి మంచి లెక్క అవుతుంది.  గట్టి అంగిలి మీది పొర కింద కండరం లేదు, అది నేరుగా ఎముకకు అతుక్కుని ఉంటుంది. పైనుంచి ఏళ్ల తరబడి సెగ తగిలి ఆ పొర మందం కడుతుంది. పై పొర బిరుసెక్కి, కింద ఎముక కదలనప్పుడు మధ్యలో పుట్టిన చిన్న కణితి మీద ఎటునుంచి ఎంత ఒత్తిడి పడుతుంది, అది ఎటు చదునవుతుంది, పక్క కణాలు దాన్ని నెట్టగలవా? ఈ లెక్కకు కావలసిన కొలతలు మూడు. నిప్పు కొస దగ్గరి వేడిని సన్నని థర్మోకపుల్ తీగతో కొలవవచ్చు. పొర మందం బయాప్సీ స్లైడు మీదే కనిపిస్తుంది. మూడోది, గట్టిదనం, చిక్కు పెడుతుంది. ఫార్మలిన్‌లో వేసిన ముక్క ఆ రసాయనానికే గట్టిపడిపోతుంది కనుక కొలతకు పనికిరాదు. ఆపరేషన్ గదిలోంచి తాజా ముక్క కొన్ని గంటల్లోనే, చల్లగా, పరికరం కిందికి చేరాలి. ఆసుపత్రి, ఇంజినీరింగ్ ల్యాబు ఒకే ఊళ్లో ఉన్నచోటే అది వీలవుతుంది. విశాఖలో రెండూ ఉన్నాయి.